ఖాళీ పోస్టు జీతం ఎటు పోతోంది?

ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియోగ్రాఫర్లు, డయాలసిస్ టెక్నీషియన్ల సంఘాలు జీతాలు పెంచమని అడిగినప్పుడల్లా ప్రభుత్వం నుంచి వచ్చే మొదటి మాట ‘ఖజానా పరిస్థితి తెలుసు కదా’. తెలుసు. ఆ ఖజానాకు ఈ సిబ్బంది నెలనెలా ఎంత మిగులుస్తున్నారో కూడా ఒకసారి లెక్క తీయాలి. పోస్టు మంజూరై ఉంటుంది, అందులో మనిషి ఉండడు, పని మాత్రం ఆగదు. ఇద్దరి డ్యూటీ ఒక్కరే లాగుతున్నప్పుడు రెండో మనిషి జీతం ఎటు పోతోంది? ఈ ప్రశ్న బల్ల మీదికి రాకుండా ఎన్ని శాతాల బేరం ఆడినా ఆస్పత్రుల్లో మనుషులు నిలవరు.

విశాఖలో ఈ సమస్య ఊరితో ఆగేది కాదు. ఇక్కడి ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆస్పత్రికి (కేజీహెచ్) శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, సరిహద్దు అవతల ఒడిశాలోని కొరాపుట్ వైపు నుంచి కూడా రోగులు వస్తారు. పొద్దున్నే ఘాట్ రోడ్డు దిగి వచ్చినవారికి రిపోర్టు సాయంత్రంలోగా చేతికందితే ఆఖరి బస్సు దొరుకుతుంది. లేదంటే ఆ రాత్రి ఆస్పత్రి ఆవరణలోనే పడక, మర్నాటి కూలి కూడా పోయినట్టే. డాక్టరు చూసేది పది నిమిషాలు. రక్తం తీయడం, ఎక్స్‌రే, రిపోర్టు, మళ్లీ చూపించుకోవడం... మిగిలిన రోజంతా పారామెడికల్ సిబ్బంది చేతిలోనే ఉంటుంది. 2016లో హనుమంతవాక దగ్గర మరో ప్రభుత్వ ఆస్పత్రి విమ్స్ తెరుచుకున్నప్పుడు కేజీహెచ్ మీద భారం తగ్గుతుందన్నారు. భవనాలు, యంత్రాలు ఎంత అవసరమో వాటిని నడిపే చేతులూ అంతే అవసరం. స్కానింగ్ మెషీన్ వస్తే ప్రారంభోత్సవం పెడతారు. రాత్రి రెండింటికి దాన్ని నడిపే టెక్నీషియన్‌ను వేస్తే రిబ్బన్ కట్ చెయ్యడానికి ఎవరూ రారు, అదే చిక్కు.

డయాలసిస్ సంగతే చూడండి. ఒక్కో సెషన్‌కు సుమారు నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. మధ్యలో బీపీ పడిపోతే వెంటనే చూసుకోవాల్సింది పక్కనున్న టెక్నీషియనే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగులు ఏళ్ల తరబడి ఇందుకోసం విశాఖ బస్సెక్కారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, సంతోషం. అయితే అక్కడికీ ఇక్కడికీ కావాల్సిన శిక్షణ ఒకటే, ఆ శిక్షణ ఉన్నవారికి ప్రైవేటులోనూ గల్ఫ్‌లోనూ గిరాకీ ఉంది. ‘నోటిఫికేషన్ ఇస్తే వందల దరఖాస్తులు వస్తాయి’ అని అధికారులు అంటారు. రావడం నిజమే. చేరినవారిలో మూడేళ్ల తర్వాత ఎంతమంది మిగిలారన్న లెక్క కూడా చెప్పాలి.

ఒకే గదిలో, ఒకే మైక్రోస్కోపు ముందు మూడు రకాల ఉద్యోగులున్నారు. రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్. పని ఒకటే, జీతాలు వేరు. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనినే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు స్కేలులో కనీస వేతనం దక్కాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 26న స్పష్టంగా చెప్పింది. రాష్ట్రం 2023లో తెచ్చిన క్రమబద్ధీకరణ చట్టం కాంట్రాక్టు వారి వరకే. ఔట్‌సోర్సింగ్ వారి దగ్గరికి వచ్చేసరికి ‘మీరు మా ఉద్యోగులు కారు’ అనే మాట అడ్డం వస్తుంది. ఇక్కడ సంఘాలనూ ఒక మాట అనక తప్పదు. ధర్నాకు జనం కావాల్సినప్పుడు గుర్తొచ్చే ఔట్‌సోర్సింగ్ వారు, చర్చల్లో బేరం కుదిరే వేళ ముందుగా పక్కకు పోతున్నారు. మూడు వర్గాలూ ఒకే డిమాండు పత్రంతో వెళ్లనంత కాలం ప్రభుత్వానికి పని సులువు.

2022 గుర్తుండే ఉంటుంది. 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు వేతన సవరణలో 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ప్రకటించారు. ఫిబ్రవరి 3న వేలమంది ‘చలో విజయవాడ’ అన్నాకగానీ చర్చలు దారిలో పడలేదు. అప్పుడూ గొడవంతా శాతాల మీదే నడిచింది. ఖాళీల వల్ల మీదపడ్డ పనికి వెల ఎంత అన్నది ఎవరూ గట్టిగా అడగలేదు.

అనుబంధ వైద్య వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పాటు చేస్తూ కేంద్రం 2021లో చట్టం చేసింది. చదువుకు ప్రమాణాలు, రిజిస్ట్రేషన్ మంచివే. జీతం ఊసు మాత్రం అందులో లేదు.

సమ్మె దాకా వెళ్తే క్యాజువాలిటీ, ఐసీయూ, డయాలసిస్, బ్లడ్ బ్యాంకు ఆగకూడదు. ఇందులో మాకు రెండో అభిప్రాయం లేదు, సంఘాలు ఈ మాట నోటీసులోనే రాసివ్వాలి. 14 రోజుల గడువుతో నోటీసు అందితే పదమూడో రోజు దాకా ఫైలు కదపకుండా, ఆఖర్న రోగుల పేరు చెప్పి, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని తీసే అలవాటును ప్రభుత్వమూ మానుకోవాలి. ఆస్పత్రుల వారీగా మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అన్నది ప్రతినెలా నోటీసు బోర్డులో పెట్టాలి. ఖాళీ పోస్టు పని చేసినవారికి ఆ జీతంలో కొంత అలవెన్సుగా ఇవ్వాలి. ఔట్‌సోర్సింగ్ వారికీ స్కేలులో కనీసం వర్తించాలి. వీటిలో ఒక్కటైనా తేలాలంటే వైద్యశాఖ అధికారులు ఒక్కరే కూర్చుంటే చాలదు. వారు ఒప్పుకున్నది ఆర్థికశాఖకు వెళ్లి కొర్రీతో తిరిగి రావడం సంఘాలకు కొత్త కాదు. మొదటి సమావేశానికే ఆర్థికశాఖ నుంచి సంతకం పెట్టగల అధికారి రావాలి. ఎప్పటిలోగా అమలు చేస్తారో తేదీతో సహా మినిట్స్‌లో ఎక్కాలి. ఆ అధికారి రాని సమావేశానికి టీ, బిస్కెట్ల ఖర్చు కూడా దండగే.