గోడ మీద చుక్క, కాక్‌పిట్‌లో వెలుగు

జాతరలో కొన్న ఆకుపచ్చ లేజర్ లైట్‌తో పిల్లలు మొదట పిల్లిని ఆడిస్తారు. తర్వాత ఎదురింటి గోడ. అదీ విసుగొస్తే డాబా ఎక్కి ఆకాశంలోకి వేస్తారు. దురుద్దేశమేమీ ఉండదు. అంత ఎత్తున పోయే విమానాన్ని ఈ చుక్క ఏం చేస్తుందిలే అనుకుంటారు.

లేజర్ కిరణం ఎంత దూరం పోయినా సన్నగానే ఉంటుందని పెద్దవాళ్లలోనూ చాలామంది నమ్ముతారు. నిజానికి అదీ విచ్చుకుంటుంది. మామూలు పాయింటర్ కిరణం కిలోమీటరు దాటేసరికి దాదాపు మీటరు వెడల్పవుతుంది. పైలట్ కూర్చునే కాక్‌పిట్ అద్దం మీది దుమ్ము, సన్నటి గీతలు ఆ వెలుగును లోపలంతా చిమ్ముతాయి. రాత్రిపూట బైక్ మీద పోతుంటే ఎదురుగా లారీ హైబీమ్ వేసినప్పుడు, గీతలు పడ్డ హెల్మెట్ అద్దంలోంచి ఏమైనా కనిపిస్తుందా? మనం బండి పక్కకు ఆపుకుంటాం. రన్‌వే మీదికి దిగుతున్న విమానం సెకనుకు సుమారు 70 మీటర్లు పోతుంటుంది, దాన్ని ఎక్కడ ఆపుతారు? పైగా ఆకుపచ్చ రంగు మన కంటికి, అంతే శక్తి ఉన్న ఎరుపు కన్నా ఎన్నో రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

చట్టంతో భయపెడితే చాలదా అంటే, అమెరికా అనుభవం చూడాలి. అక్కడ విమానం మీద లేజర్ వేయడం 2012 నుంచి ఫెడరల్ నేరం, 5 ఏళ్ల దాకా జైలు. అయినా 2023లో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు 13,304 ఘటనల మీద ఫిర్యాదులు అందాయి. మన దేశంలో 2021 దసరాకు కోల్‌కతాలోని శ్రీభూమి పూజా మండపం దగ్గర లేజర్ షో పెడితే, పైలట్లు ఫిర్యాదు చేశాక ఆపేశారు. అంత పెద్ద ఉత్సవం చేసేవాళ్లకే తట్టని సంగతి ఎనిమిదో తరగతి పిల్లవాడికి తట్టాలా?

బడిలో నోటీసు అంటించి, ప్రతిజ్ఞ చేయిస్తే పని అవుతుందని నాకు నమ్మకం లేదు. (మన బళ్లలో ప్రతిజ్ఞలకు కరువా!) కిరణం ఎంత వెడల్పవుతుందో పదో తరగతి సరూప త్రిభుజాల లెక్కతోనే పిల్లలే తేల్చుకోవచ్చు. శంషాబాద్‌లో దిగే విమానాలు తలల మీదుగా పోయే ఊళ్ల బళ్లలో అయితే ఈ లెక్క తప్పకుండా చేయించాలి.

ఇంకో చిన్న ప్రయోగం. గది చీకటి చేసి, గీతలు పడ్డ ప్లాస్టిక్ షీట్ వెనక ఒకరిని నిలబెట్టి బోర్డు మీది అక్షరాలు చదవమనాలి. మధ్యలో ఇంకొకరు షీట్ మీద టార్చ్ వేయాలి. టార్చే, లేజర్ మాత్రం వద్దు, కళ్లు దెబ్బతింటాయి. చదివేవాడు తడబడితే క్లాసంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి. తర్వాత టార్చ్ వేసినవాణ్ని ఆ షీట్ వెనక నిలబెట్టాలి.