పదిలో ఉందామా, పదకొండుకు పోదామా?

అప్‌గ్రేడ్ అంటే ఏమిటో కర్నూలు వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పనిలేదు. 1953 అక్టోబరు 1న మా ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఉద్యోగులు గుడారాల్లో ఉండి ఫైళ్లు నడిపారు. 1956 నవంబరు 1 వచ్చేసరికి రాష్ట్రాన్నే పెద్ద వెర్షన్‌కు మార్చి, రాజధానిని హైదరాబాదుకు తరలించారు. సరిగ్గా మూడేళ్ల నెలకు మాకు సపోర్ట్ ఆగిపోయింది. కంప్యూటర్లను నడిపించే విండోస్ 10ను మైక్రోసాఫ్ట్ వాళ్లు 2015 జులైలో విడుదల చేసి, 2025 అక్టోబరు 14న సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, ఆపేశారని లోకమంతా గగ్గోలు పెడుతుంటే, మా వీధి పెద్దలు "పదేళ్లు ఇచ్చినారా, నయమే" అని ఊరుకున్నారంటే కారణం అదే.

కొత్త విండోస్ ఎక్కిస్తే, పాతది 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డరులో కూర్చుంటుంది. నచ్చకపోతే పది రోజుల్లోగా వెనక్కి పోవచ్చు. గడువు దాటాక ఆ ఫోల్డరు దానంతట అదే చెరిగిపోతుంది. మా ఊళ్లో ఆ ఫోల్డరు డెబ్బై ఏళ్లయినా చెరగలేదు. ఎ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ అని ఇప్పటికీ పిలుస్తున్నాం. రాజధాని ఉద్యోగుల కోసం వెలసిన సి క్యాంప్‌లో ఇప్పుడు రైతుబజారు ఉంది, వంకాయలు బాగుంటాయి. వెనక్కి పోయే బటన్ మాత్రం ఎంత వెతికినా కనబడదు. 2020లో మూడు రాజధానుల చట్టం చేసి, మాకు న్యాయ రాజధాని అన్నారు. ఒకే యంత్రంలో మూడు విండోస్‌లు పెట్టుకున్నట్టు, కంప్యూటరు భాషలో దాన్ని ట్రిపుల్ బూట్ అనాలి. 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైంది, నవంబరులో మా చట్టం రద్దయింది. రెండింటికీ సంబంధం లేదని ఎంత చెప్పినా మా నాన్న ఒప్పుకోరు.

ఇంతటి చరిత్ర వెనకాల పెట్టుకుని, హాల్లో మూలనున్న కంప్యూటరును విండోస్ 10 నుంచి 11కు మార్చే విషయంలో తొందరపడటం బాధ్యతా రాహిత్యం అవుతుంది. కాబట్టి మా ఇంట్లో ఈ అంశాన్ని సమగ్రంగా చర్చిస్తున్నాం. ఎప్పటి నుంచి అని అడగకండి.

ముందుగా సదరు యంత్రం గురించి. పెద్దమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్. పైన మా ఆవిడ కుట్టిన పూలగుడ్డ. ఏటా ఆయుధపూజకు సీపీయూకు పెట్టిన కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని, కొత్తవాళ్లకు పవర్ బటన్ ఏదో బొట్టు ఏదో తెలియదు. ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లి, బొరుగులు నానబెట్టి, ఉగ్గానికి తిరగమోత వేసి వచ్చేసరికి డెస్క్‌టాప్ కనబడుతుంది. పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ అనే వేగమైన కొత్తరకం డిస్క్ వేయిస్తే ఈ జబ్బు చాలావరకు నయమవుతుంది, దానికి విండోస్ మార్చనక్కర్లేదు. ఈ మాట సభలో అన్నాను. చర్చను పక్కదారి పట్టిస్తున్నానన్నారు.

దీన్ని అర్హత పరీక్షకు కూర్చోబెట్టాం. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. టీపీఎం 2.0 ఉండాలి, అంటే రహస్య తాళాలు భద్రంగా దాచే చిప్పు. సెక్యూర్ బూట్ ఉండాలి, అంటే ఆన్ కాగానే నమ్మకమైన సాఫ్ట్‌వేరునే లోపలికి రానిచ్చే కాపలా. ర్యామ్ నాలుగు జీబీ చాలు. మాది ర్యామ్‌లో బొటాబొటిగా గట్టెక్కి, ప్రాసెసర్‌లో, టీపీఎంలో తప్పింది. సప్లిమెంటరీ కూడా లేదు.

తాళాల చిప్పు లేదని తెలిసి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. మానిటరు అంచున బిళ్ల అంటించి, దాని మీద పాస్‌వర్డ్ స్కెచ్ పెన్నుతో రాసుకున్న ఇల్లు ఇది. ఆ కింద వైఫై పాస్‌వర్డ్. జిరాక్స్ షాపులో ఊరందరి ఆధార్ కార్డులు మోసే కంప్యూటరుకు గుచ్చిన పెన్‌డ్రైవ్, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండా నేరుగా మా దాంట్లో దూరుతుంది. ఇలాంటి చోట చిప్పు లేకపోవడం ఎంత ప్రమాదమో నిపుణులు ఆలోచించాలి.

నాన్నది ప్రతిపక్షం. ఆయన రిటైరైన తెలుగు పండితులు. రాసిన శతకం, చుట్టాల పెళ్లిళ్లకు కట్టిన పద్యాలు, అన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో, అనూ అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. ఆ ఫాంట్లు అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ పద్ధతివి కావు కాబట్టి, అవి లేని కంప్యూటరులో తెరిస్తే సీసపద్యం కాస్తా ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, కొక్కేల గుంపుగా కనబడుతుంది. "కొత్తదాంట్లో నా పద్యం ఉన్నదున్నట్టు తెరుచుకుంటుందని ఎవరైనా రాసిస్తారా?" అన్నది ఆయన ప్రశ్న. ఇంతవరకు రాసిచ్చినవాళ్లు లేరు. ఈ ఒక్క విషయంలో నేను వెటకారం చేయలేను. తెలుగు డీటీపీ షాపుల్లో పాత విండోస్ కదలకుండా కూర్చోవడానికి ఇదే పెద్ద కారణం.

బెంగళూరు నుంచి మా బావమరిది ఫోన్లో పాల్గొన్నాడు. "బావా, విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసుకో, ఫ్రీ. పాత మెషీన్ మీద హాయిగా నడుస్తుంది." అది నిజమే. మరి అనూ నడుస్తుందా అని నాన్న అడిగారు. "ట్రై చేద్దాం మామా" అన్నాడు. ట్రై అనే మాట తీర్మానంలో రాయడానికి పనికిరాదని ఆ ప్రతిపాదన వీగిపోయింది.

కంప్యూటరు షాపతను వేరే దారి చూపించాడు. విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో ఒక లైను మారిస్తే టీపీఎం సంగతి అడక్కుండానే పదకొండు ఎక్కుతుందట. "ఐదొందలియ్యి సార్, సాయంత్రానికి పట్టకపో." అర్హత లేని యంత్రాల్లో అలా ఎక్కిస్తే తర్వాతి అప్‌డేట్లకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అంటే భద్రత కోసం మారాలి, మారాక భద్రత రావచ్చు, రాకపోవచ్చు. మా ఊరికి ఈ షరతు కొత్తేమీ కాదు.

పెద్దనాన్న సిఫారసు మార్గం పట్టారు. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్ గారిది మన పక్కనే అనంతపురం జిల్లా బుక్కాపురం, మనోళ్లే కదా, ఎవరి చేతనైనా ఒక మాట చెప్పిస్తే ఆరో తరానికి మినహాయింపు రాదా అని ఆయన ఆలోచన. బుక్కాపురంలో మనకు తెలిసినవాళ్లెవరున్నారా అని ప్రస్తుతం ఆరా తీస్తున్నారు.

ఇక ఏకగ్రీవంగా నెగ్గింది ఒక్కటే: ఏడాది పొడిగింపు. విండోస్ 10కు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తారు. 30 డాలర్లు కట్టొచ్చు, వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు ఇవ్వొచ్చు, లేదా మన సెట్టింగ్‌లు మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేస్తే ఉచితం. ఇందులో నిర్ణయం అనేదే లేదు కాబట్టి అందరికీ నచ్చింది. ఖాతా పెద్దమ్మాయి పేరు మీద ఉంది. ఓటీపీ ఆమె కాలేజీ రోజుల నంబరుకు పోతుంది. ఆ నంబరు ఇప్పుడు ఆదోనిలో ఎవరిదో. ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే మాట్లాడాడు గానీ, ఓటీపీ చెప్పమంటే సైబర్ మోసగాళ్లమని పెట్టేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో భద్రత గురించి సరిగా ఆలోచించిన మనిషి ఆయనొక్కడే.

అసలు ఈ కంప్యూటరుతో మేం చేసే పనులేమిటి? చిన్నోడి హాల్‌టికెట్ ప్రింటు తీయడం, మీభూమి సైట్లో పొలం రికార్డులు 1బి, అడంగల్ చూసుకోవడం, నాన్న పద్యాలు. మొదటి రెండూ ఫోన్లో అవుతాయి. మూడోదానికి విండోస్ ఎక్స్‌పీ చాలు, దాని సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు, బీరువాల్లో నానిన సర్టిఫికెట్లను ఒక్కొక్కటిగా విడదీసి ఎండబెట్టుకున్నాం. అదే మేం ఇప్పుడు శతకం, పెళ్లి ఫోటోలు, పొలం కాగితాల స్కాన్‌లు అన్నీ ఒకే ముసలి హార్డ్‌డిస్క్‌లో, ఒకే కాపీగా పెట్టుకుని, దాని మీద పది ఉండాలా పదకొండు ఉండాలా అని వాదించుకుంటున్నాం. ఆ డిస్క్ పోతే రెండు వర్గాలకూ సమాన న్యాయమే. ఈ ముక్క కూడా సభ దృష్టికి తెచ్చాను. ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని అన్నీ కాపీ చేద్దామన్నాను. ఆశ్చర్యంగా ఎవరూ కాదనలేదు. ఒక టీబీదా, రెండు టీబీలదా అన్నది తేలాలి. దానిపై కమిటీ వేశారు. పెద్దనాన్న అధ్యక్షులు.