షటిల్ కోర్టులో తేలిపోయే ఊరి సంగతులు

ఏ మున్సిపల్ కౌన్సిల్ సమావేశానికైనా వెళ్లి ఒకసారి చివరిదాకా కూర్చోండి. చాంతాడంత అజెండా, కాసేపు అరుపులు, ఒక వాకౌట్, ఆ తర్వాత వరసగా 'ఆమోదించడమైనది'. గంటలో హాలు ఖాళీ. మరి చర్చ ఎప్పుడు జరిగింది? వారం ముందే జరిగిపోయింది, ఊళ్లో ఉన్న క్లబ్బులో.

టౌన్ క్లబ్బు, ఆఫీసర్స్ క్లబ్బు, కాస్మోపాలిటన్ క్లబ్బు... పేరేదైనా లోపల ఉండేవి అవే. ఒక షటిల్ కోర్టు, ఒక పేకాట గది, వరండాలో నాలుగు కుర్చీలు. విలేకరిగా పనిచేసిన రోజుల్లో ఓ పట్టణంలో నేనూ పొద్దున్నే ఐదున్నరకు ఆడటానికి వెళ్లేవాణ్ని. అక్కడ ఒక కాంట్రాక్టరు, ఒక ఇంజినీరు ఎప్పుడూ ఒకే జట్టు. ఆట అయ్యాక తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కాంట్రాక్టరు అడిగాడు: "సార్, ఆ డ్రైనేజీ ఎస్టిమేట్ ఈ నెలలో అయిపోద్దా?" "అయిపోద్దిలేవయ్యా, నీకెందుకు టెన్షన్" అన్నాడు ఇంజినీరు. అంతే, టీలు వచ్చాయి.

డబ్బు చేతులు మారలేదు. కానీ కాంట్రాక్టరుకు ఆ ఒక్క ముక్కతో మూడు వారాలు కలిసొచ్చాయి. కంకర ఎక్కడ తేవాలో, కూలీలను ఎవరితో మాట్లాడుకోవాలో అప్పుడే చూసుకున్నాడు. పేపర్లో టెండరు ప్రకటన చూసి బయల్దేరిన కొత్తవాడికి ఆ మూడు వారాలు ఎవరిస్తారు? ఏసీబీకి ఇది చిక్కదు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం రికార్డుల్లో ఉన్నది ఇస్తుంది గానీ, టీ తాగుతూ అన్న మాట ఏ రికార్డులోనూ ఉండదు.

క్లబ్బు అనగానే మనకు పేకాట దాడులే గుర్తొస్తాయి. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో తేల్చింది కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. ఆ గొడవ నాకు ముఖ్యం కాదు. ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటున్నారన్నదే నా బాధ.

స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకు ఇచ్చాం. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు రిజర్వేషన్లు ఉన్నాయి. కౌన్సిల్ హాల్లో మనుషులు మారారు. క్లబ్బు వరండాలో మారలేదు. గెలిచిన కౌన్సిలరమ్మ తెల్లారి ఐదున్నరకు షటిల్ కోర్టుకు వెళ్లలేదు, రాత్రి తొమ్మిదికి పేకాట బల్ల దగ్గర కూర్చోలేదు. ఆమె భర్త వెళ్తాడు, ఆయనే సమాధానం తెస్తాడు. వార్డులో జనం ఆయన్నే 'కౌన్సిలర్ గారూ' అంటారు. ఆమె చేతకానితనం వల్ల ఇలా జరుగుతోందనుకోవడం అన్యాయం. సంగతులు తెలిసే చోటికి ఆమెకు దారే లేదు.

లయన్స్, రోటరీ లాంటి సంస్థలు కంటి శిబిరాలు పెడుతున్నాయి, రక్తదానాలు చేయిస్తున్నాయి కదా అంటారు. నిజమే. నలుగురు కలిసి కూర్చోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కే, దాన్ని కాదనను. ఊరి పని అక్కడ తేలిపోతుంటేనే నా అభ్యంతరం.

సభ్యులను తప్ప లోపలికి రానివ్వని ఈ గేటు అలవాటు మనకు తెల్లదొరల నుంచి వచ్చింది. మద్రాసు క్లబ్బులో భారతీయులకు ప్రవేశం లేకపోతే మనవాళ్లు 1873లో కాస్మోపాలిటన్ క్లబ్బు పెట్టుకున్నారు. అదీ పెద్దమనుషుల వరకే. తెలుగువాళ్లు సొంతంగా కట్టుకున్నవి వేరే ఉన్నాయి: 1911లో బెజవాడలో రామ్మోహన్ గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. అక్కడా మనుషులు కలిశారు, రాజకీయం మాట్లాడుకున్నారు. జాతీయోద్యమం ఊళ్లకు చేరిన దారుల్లో అవీ ఉన్నాయి. వేటపాలెం గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పేపరు చదవడానికి లోపలికి వచ్చేవాణ్ని సభ్యత్వం ఉందా అని ఎవరూ అడగరు.

ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలవుతూనే ఉంది. స్థానిక సంస్థలు ఆ డబ్బును బకాయి పెడుతున్నాయి. శాఖా గ్రంథాలయాల్లో ఫ్యాన్లు తిరగవు. ఆ సెస్సు గ్రంథాలయాలకు చేరాలి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. ఆ కమిటీలు సాయంత్రం పూట గ్రంథాలయంలోనే కూర్చోవాలి. ఎస్టిమేట్లు టెండరు కంటే ముందు అక్కడ పైకి చదవాలి. ప్రభుత్వ స్థలంలో నడిచే ప్రతి క్లబ్బూ సభ్యుల జాబితాను గేటు మీద అంటించాలి. డ్రైనేజీ పని సంగతి కాంట్రాక్టరుకు తెలిసిన రోజే, ఆ కాలువ పక్కన ఇల్లున్న ఆవిడకూ తెలియాలి.