కంచం నిండా అన్నం, ఒంట్లో రక్తం తక్కువ

మా చిన్నాన్న కోడలికి ఆరో నెలలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. "మూడు పూటలా అన్నం తింటూనే ఉంది కదా, రక్తం ఎందుకు తగ్గుతుంది?" అని మా పిన్ని నిజంగానే ఆశ్చర్యపోయింది. మన ఇళ్లలో చాలామందిది ఇదే లెక్క. కడుపు నిండితే ఒంటికి అన్నీ అందినట్టే అనుకుంటాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతింత వరి పండించే రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం చాలడం లేదు.

ఒంట్లో రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. తెల్ల బియ్యం 100 గ్రాముల్లో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా 4 మిల్లీగ్రాములు దాటదు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. ఆ తేడాను పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం పూడ్చాలి. అవి ఎవరి కంచంలోకి వెళ్తున్నాయి?

మా చిన్నాన్న ఇంట్లో నాలుగు రోజులున్నాను. ముందు పిల్లలు, తర్వాత మగవాళ్లు, ఆ తర్వాత పిన్ని తినేవారు. కోడలు కూర్చునే వేళకు పప్పు గిన్నెలో రెండు గరిటెలు కూడా మిగిలేది కాదు. గుడ్డు కూరలో పులుసే మిగిలేది. అన్నంలో చారు పోసుకుని, ఆవకాయ నంజుకుని, మజ్జిగతో ముగించేది. చెయ్యి కడుక్కోగానే గ్లాసుడు టీ. తిన్న కాస్త ఇనుమునూ ఆ టీ ఒంటికి పట్టనివ్వదు. తిండికీ టీకీ మధ్య గంట ఆగినా, పప్పులో నిమ్మకాయ పిండుకున్నా తేడా ఉంటుంది. ఆ ఇంట్లో చెడ్డవాళ్లెవరూ లేరు. ఆమెకు పెట్టొద్దని ఎవరూ అనలేదు, ఆమె తిన్నదో లేదో ఎవరూ చూడలేదు, అంతే.

రక్తం తక్కువైతే ముందు కనిపించేది నీరసం. దాన్ని ఎండ వల్ల అంటాం, బద్ధకం అంటాం. కాన్పులో కాస్త రక్తం పోయినా అలాంటి తల్లి తట్టుకోలేదు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. కడుపులో ఉండగా బిడ్డ దాచుకోవాల్సిన ఇనుమూ తగ్గుతుంది. మెదడు వేగంగా ఎదిగే మొదటి రెండేళ్లలో ఆ లోటు పడితే తర్వాత చదువు మీదా ప్రభావం ఉంటుంది.

ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంత మంచి మందు మా పిన్ని కోడలి వంటింట్లో పోపు డబ్బా వెనక సగం షీటు అలాగే పడి ఉంది. వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, మలం నల్లగా వస్తోందని భయపడి మానేసింది. నల్లగా రావడం మామూలేనని, రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు. రేషన్‌లో ఇచ్చిన, ఇనుము చేర్చిన గింజలు కలిపే బలవర్ధక బియ్యానిదీ ఇదే కథ. ఆ గింజల్ని 'ప్లాస్టిక్ బియ్యం' అని ఏరి పారేసినవాళ్లున్నారు.

అందుకే ఇంటికిచ్చే సరుకుల కంటే అంగన్‌వాడీలో కూర్చోబెట్టి పెట్టే భోజనం మీదే నాకు నమ్మకం. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పద్ధతి అదే: అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు అక్కడే తినాలి. ఇంటికి తెచ్చిన గుడ్డు పిల్లాడి కంచంలోకి పోతుంది, అక్కడ పెట్టింది తల్లే తింటుంది. కాకపోతే నాట్లకో కలుపుకో వెళ్లిన గర్భిణి మధ్యాహ్నం పొలం వదిలి రాలేదు. పనుల రోజుల్లో ఆ భోజనం పొద్దున్నే పెట్టాలి, లేదంటే గట్టు దగ్గరికే పంపాలి.