నాటడం సులువు, పెకలించడం కష్టం: పోలండ్ దారి శిలువలు

పోలండ్‌లో క్యాథలిక్ విశ్వాసం ఎటు పోతోందన్న చర్చ వచ్చినప్పుడల్లా కొన్ని అంకెలు ముందుకొస్తాయి. 2011 జనగణనలో రోమన్ క్యాథలిక్కులమని చెప్పుకున్నవారు 87 శాతానికి పైగా ఉండగా, 2021 నాటికి ఆ వాటా 71 శాతానికి దిగింది. ఆ ఏడాది ఐదో వంతు జనం అసలు ఆ ప్రశ్నకు జవాబే ఇవ్వలేదు. 2022లో ఆదివారం పూజకు హాజరైనవారు, చర్చి సొంత లెక్క ప్రకారమే, వెళ్లవలసినవారిలో 30 శాతానికి లోపు. ఈ అంకెలు అబద్ధం కావు. అయితే అవి గురువు (ఫాదర్), పీఠం, విచారణ (పారిష్) అనే వ్యవస్థ చుట్టూ ఉన్న మతాన్ని మాత్రమే కొలుస్తాయి. ఊరి మలుపులో, పొలం గట్టున, వంతెన పక్కన నిలిచిన శిలువలూ, పోలిష్‌లో ‘కాప్లిచ్కా’ అనే చిన్న మందిరాలూ ఆ కొలతలో పడవు. వాటిని నిలిపింది చాలావరకు చర్చి కాదు, జనం.

ఒక రైతు మొక్కు తీర్చుకోవడానికి, ఒక కుటుంబం కలరా నుంచి బయటపడ్డామన్న కృతజ్ఞతతో, ఒక ఊరు తన పొలిమేరను కాపాడుకోవడానికి వీటిని కట్టించుకున్నాయి. గురువు వచ్చి ఆశీర్వదించేవాడు, ఆయన పాత్ర చాలాచోట్ల అంతటితో ముగిసేది. మహమ్మారి రోజుల్లో ఊరి అంచున రెండు అడ్డకొయ్యల శిలువలు వెలిశాయి. వరద రాకూడదని వంతెనల దగ్గర నెపోముక్ పునీత (సెయింట్) యోహాను విగ్రహాన్ని, అగ్నిప్రమాదాల నుంచి రక్షణకు పునీత ఫ్లోరియన్‌ను నిలిపారు. పల్లె శిల్పులు ఎక్కువ మమకారంతో చెక్కింది మాత్రం ముళ్ల కిరీటంతో ఒక దిమ్మె మీద కూర్చొని, మోచెయ్యి మోకాలిపై ఆనించి, చెంపను అరచేతికి అప్పగించిన క్రీస్తును. పునరుత్థానపు వైభవం ఇసుమంతైనా లేని ఆ రూపం, పగలంతా పొలంలో ఒళ్లు హూనమై గట్టు మీద చతికిలబడ్డ మనిషిది.

వీటి దగ్గర జరిగే ఆరాధనకు గురువు ఉండి తీరాలన్న నియమం లేదు. మే నెల సాయంత్రాలు పల్లెల్లో, ముఖ్యంగా చర్చికి దూరమైన ఊళ్లలో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు మందిరం ముందు చేరతారు. ఒకరు మరియమాతను ఒక్కొక్క బిరుదుతో పిలుస్తూ పాడితే, మిగతావారు ‘మా కొరకు వేడుకొనండి’ అని అందుకుంటారు. గూటికి రంగు వేయడం, రిబ్బన్లు, ప్లాస్టిక్ పూలు మార్చడం కూడా సాధారణంగా వారి పనే. శవయాత్ర ఊరి చివరి శిలువ దగ్గర ఆగి, చనిపోయినవారి తరఫున ఊరికి వీడ్కోలు చెప్పే ఆచారం కూడా చాలాచోట్ల ఉండేది. నాజీ ఆక్రమణలో కర్ఫ్యూ వల్ల రాత్రిళ్లు చర్చికి వెళ్లే వీల్లేని వార్సా వాసులు ఇళ్ల సముదాయాల లోపలి పెరళ్లలో ఇలాంటి మందిరాలను నిలుపుకొన్నారు. ఆ నగరంలోని ప్రాగా పేటలో అవి నేటికీ కనిపిస్తాయి.

ఎవరి అనుమతీ లేకుండా పుట్టుకొచ్చే ఈ స్వభావమే వాటికి రాజకీయ బలాన్నీ ఇచ్చింది. శిలువను నాటడానికి నాలుగు చేతులు, ఒక దుంగ చాలు. తీయాలంటే మాత్రం దైవద్రోహమన్న నిందను మోయడానికి ఎవరో ఒకరు సిద్ధపడాలి. పాలకులకు ఇది తెలుసు. 1863 తిరుగుబాటును అణచివేశాక రష్యన్ అధికారులు దారుల పక్కన కొత్త శిలువలు నిలపడంపై ఆంక్షలు పెట్టింది అందుకే.

నాటడానికీ తీయడానికీ మధ్య ఉన్న ఈ అసమానత అత్యంత స్పష్టంగా బయటపడింది నోవా హుతాలో. క్రాకూవ్ పక్కన 1949లో మొదలైన ఈ ఉక్కు పట్టణాన్ని కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చి లేని ఊరిగా ఊహించుకుంది. 1956 తర్వాత పట్టు కొంత సడలి చర్చికి స్థలం కేటాయించగా, 1957లో విశ్వాసులు అక్కడ శిలువ నిలిపారు. తర్వాత ప్రభుత్వం మాట మార్చి, అదే చోట బడి కడతామంది. 1960 ఏప్రిల్ 27న శిలువను తవ్వి తీయడానికి పనివాళ్లు వచ్చినప్పుడు మొదట అడ్డుపడింది ఆడవాళ్లు. ఫ్యాక్టరీ కార్మికులు తోడవడంతో అది పోలీసులతో వీధిపోరాటంగా మారింది. బడి కట్టారు గానీ శిలువ కదల్లేదు. చివరికి 1977లో మరో పేటలో లేచిన పెద్ద చర్చిని ప్రతిష్ఠించిన కార్డినల్ కరోల్ వొయ్తివా మరుసటి ఏడాదే పోప్ అయ్యారు. కార్మికుల పేరిట పాలించే ప్రభుత్వానికి, ఆ కార్మికులే ఒక కొయ్య కోసం ఎదురు తిరగడం కంటే అవమానం ఏముంటుంది?

ఇలాంటి ఘట్టాలనే చెప్పుకుంటే శిలువ ఎప్పుడూ బలహీనుల పక్షమే అనిపిస్తుంది. అది నిజం కాదు. 1998లో కొందరు నాజీల ఆష్విట్జ్ మారణ శిబిరం పక్కనున్న కంకర గుంతలో, అప్పటికే ఉన్న పెద్ద శిలువ చుట్టూ, సుమారు 300 శిలువలు నాటారు. హతుల్లో అత్యధికులు యూదులైన చోట అది ప్రార్థన కాదు, స్థలాన్ని ఆక్రమించడం. యూదు సంస్థల నిరసనల నడుమ 1999లో ప్రభుత్వం వాటిని తొలగించింది, పెద్దదాన్ని మాత్రం ఉండనిచ్చింది. 2010 ఏప్రిల్‌లో రష్యాలోని స్మోలెన్‌స్క్ దగ్గర జరిగిన విమాన ప్రమాదంలో అధ్యక్షుడు లెహ్ కచిన్‌స్కీతో సహా 96 మంది మరణించినప్పుడు స్కౌట్లు అధ్యక్ష భవనం ముందు ఒక కొయ్య శిలువ నిలిపారు. నెలలు గడిచేసరికి ఆ సంతాప చిహ్నం పార్టీల కీచులాటకు వేదికైంది. ఆగస్టులో దాన్ని చర్చికి తరలించడానికి వచ్చిన గురువులను జనం అడ్డుకున్నారు. శిలువ పేరిట గురువులనే వెనక్కి పంపగలగడం, ఈ సంప్రదాయంలో అసలు యజమాని ఎవరో చెప్పకనే చెబుతోంది.

దీనికి పూర్తి భిన్నంగా, దక్షిణాన బెస్కిద్ నిస్కీ కొండల్లో శిలువలు మిగిలాయి, వాటిని నిలిపిన జనమే లేరు. 1947లో ‘విస్లా’ చర్య కింద ప్రభుత్వం సుమారు 1,40,000 మంది ఉక్రేనియన్లను, ఆ కొండల్లో నివసించే తూర్పు స్లావిక్ జనమైన లెమ్కోలను ఉత్తర, పశ్చిమ ప్రాంతాలకు తరలించింది. నెజ్నయోవా, రదోత్సినా వంటి ఊళ్లు పచ్చికలో కలిసిపోయాయి. ఊరు ఉండేదనడానికి ఆధారం కాపు మానని పండ్ల చెట్లు, బార్త్నే శిల్పులు చెక్కిన రాతి శిలువలు, వాటిపై సిరిలిక్ లిపిలో మొక్కుబడిదారుల పేర్లు. పోలిష్ జాతీయతకు గుర్తుగా చూపించే దారి శిలువ ఇక్కడ ఆ రాజ్యమే వెళ్లగొట్టిన తూర్పు సంప్రదాయ క్రైస్తవులకు సాక్ష్యం చెబుతోంది. వాటిని బాగుచేసే స్వచ్ఛంద బృందాల్లో పోలిష్ యువత కూడా ఉన్నారు. దారి మందిరాలను జాతి ఆస్తిగా కీర్తించే ప్రసంగాల్లో ఈ రాళ్ల ప్రస్తావన అరుదు. నా దృష్టిలో, ఆ కీర్తన ఎంత నిజాయితీగలదో తేల్చవలసింది వీటి దగ్గరే.