ఒక్క కప్పు ఊరు కాదిది

పోయిన వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. అంతకుముందే ఆఫీసు గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా చూశాను. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "బెంగళూరుకు ఉన్నది ఒకే టీమ్, పద్దెనిమిదేళ్లకు ఒక్క కప్పు. ఆ టీమ్‌లో ఊరివాళ్లే ఉండరు. ఫుట్‌బాల్, కబడ్డీ టీమ్‌లు పేరుకే, చూసే నాథుడు లేడు. అక్కడి తెలుగువాళ్లు హైదరాబాద్‌ను వదిలేసి దానికి జై కొట్టడం సిగ్గుచేటు." కింద పగలబడి నవ్వే బొమ్మలు. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది దాని కిందే "ఏం బావా, జవాబుందా?" అని అడిగాడు. ఉంది. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఒక్క కప్పు సంగతి. పురుషుల ఐపీఎల్ వరకే చూస్తే, 2008లో మొదలైన ఆర్‌సీబీ మొదటి కప్పు కోసం 2025 దాకా ఆగాల్సి వచ్చిన మాట నిజమే. ఆ ఏడు జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్‌ను 6 పరుగుల తేడాతో ఓడించింది. కానీ అంతకు ఏడాది ముందే, 2024 మార్చి 17న, మహిళల ఐపీఎల్ లాంటి డబ్ల్యూపీఎల్‌లో ఆర్‌సీబీ అమ్మాయిలు ఢిల్లీని ఢిల్లీలోనే 8 వికెట్ల తేడాతో ఓడించి కప్పు తెచ్చారు. శ్రేయాంకా పాటిల్ 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. ఆ ఏటి టీమ్‌లో మన ఆంధ్రా అమ్మాయి సబ్బినేని మేఘన కూడా ఉంది. అదే జెర్సీ, అదే పేరు. ఆడపిల్లలు గెలిచింది లెక్కలోకి రాదని ఎవరు చెప్పారు?

2025 కప్పు గురించి ఇంకో మాట. గెలిచిన మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. మా ఆఫీసు నుంచి వెళ్లిన పిల్లల ఫోన్లు కలవక ఆ సాయంత్రం మేం పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఆ కప్పు పేరెత్తి నవ్వే బొమ్మలు పెట్టేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోవాలి.

అసలు 'ఒకే టీమ్' అన్న మాటే తప్పు. 2019 మొదటి మూడు నెలలు తీసుకోండి. జనవరి 5న ముంబైలో బెంగళూరు బుల్స్ గుజరాత్‌ను 38-33తో ఓడించి ప్రో కబడ్డీ గెలిచింది. పవన్ సెహ్రావత్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చాడు. 2023 వేలంలో మన తెలుగు టైటాన్స్ రెండున్నర కోట్లకు పైగా పెట్టి కొనుక్కున్నది ఇతన్నే. జనవరి 13న, బెంగళూరులోనే, కిడాంబి శ్రీకాంత్, సాయి ప్రణీత్ ఉన్న బెంగళూరు రాప్టర్స్ ముంబైని 4-3తో ఓడించి బ్యాడ్మింటన్ లీగ్ గెలిచింది. మార్చి 17న మా ఫుట్‌బాల్ క్లబ్ బెంగళూరు ఎఫ్‌సీ గోవా మీద 1-0తో ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది. ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోవస్తుంటే 117వ నిమిషంలో రాహుల్ భేకే తలతో కొట్టిన గోల్ అది.

లెక్కపెడితే 72 రోజులు. మూడు ఆటలు, మూడు కప్పులు. ఆ తర్వాత ఆరు రోజులకు ఐపీఎల్ మొదలైంది. ఆర్‌సీబీ చెన్నైలో 70 పరుగులకే ఆలౌటై, వరసగా మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఆ వేసవిలో నా ఫోన్‌కు వచ్చిన జోకులన్నీ ఆ 70 మీదే. మూడు కప్పుల గురించి ఒక్కరూ ఒక్క ముక్క పంపలేదు. ఇప్పుడు తిరుగుతున్న ఫార్వర్డ్ కూడా అలాంటిదే: ఓడినవి బాగా గుర్తున్నాయి, గెలిచినవి చూడనే లేదు.

ఇక 'చూసే నాథుడు లేడు' అన్న మాట. నాకు కోపం తెప్పించింది ఇదే. ఈ మాట రాసినవాళ్లు ఒక్కసారైనా బెంగళూరు ఎఫ్‌సీ ఆడే కంఠీరవ స్టేడియం మెట్లెక్కారా?

2016 అక్టోబర్ 19, బుధవారం. ఆసియా క్లబ్‌లు ఆడే ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్, ఇవతల బెంగళూరు ఎఫ్‌సీ, అవతల మలేషియా నుంచి జొహోర్ టీమ్, అంతకుముందు ఏడు కప్పు గెలిచినవాళ్లు. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, బ్యాగు భుజానే ఉండగా వెస్ట్ బ్లాక్‌లో దూరాను. పదకొండో నిమిషంలోనే గోల్ తిన్నాం. అలాంటప్పుడు క్రికెట్ స్టేడియమైతే చప్పబడిపోతుంది. ఇక్కడ డప్పు ఆగలేదు, పాట ఆగలేదు. నా పక్కన అరవై దాటిన ఒక పెద్దాయన. ఆస్టిన్ టౌన్ ఆయనది, ఒకప్పుడు ఫ్యాక్టరీ టీమ్‌లో ఆడాడట. కన్నడం, తమిళం కలిపి, "ఇరు సార్, ఇన్నూ టైమ్ ఇదె" (ఆగండి సార్, ఇంకా టైముంది) అంటూ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మా కెప్టెన్ సునీల్ ఛెత్రి ఒకటి కొట్టాడు, రెండోదీ కొట్టాడు. మూడోది హువానన్ కొట్టేసరికి ఆయన నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. 3-1. ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు వెళ్లిన మొదటి భారతీయ క్లబ్ అయింది మా టీమ్. దోహాలో ఫైనల్ 0-1తో పోయింది, అది వేరే బాధ.

ఆ పెద్దాయన లాంటివాళ్లు ఈ ఊళ్లో చాలామంది. ఐటీఐ, హెచ్ఏఎల్ లాంటి ఫ్యాక్టరీల టీమ్‌లు ఇక్కడ దశాబ్దాల పాటు ఆడాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్‌లో మన దేశం మొదటి గోల్ కొట్టిన సారంగపాణి రామన్ ఈ ఊరివాడే. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ మొదటి సీజన్‌లోనే అప్పటి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిందంటే, ఇక్కడి జనం అంత తొందరగా దాన్ని సొంతం చేసుకున్నారంటే, ఆ నేల అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి. 2016లో మళ్లీ ఐ-లీగ్, రెండు ఫెడరేషన్ కప్‌లు, 2018లో సూపర్ కప్, 2022లో డ్యూరాండ్ కప్. ఐఎస్ఎల్‌తో కలిపితే ఏడు.

కబడ్డీ విషయంలో ఒకటి ఒప్పుకుంటాను, ఇండోర్ స్టేడియం నిండని రోజులున్నాయి. పదకొండో సీజన్‌లో బుల్స్ అట్టడుగున నిలిచింది కూడా. కానీ 2017లో బుల్స్ సొంతూరి మ్యాచ్‌లు నాగ్‌పూర్‌లో, కప్పు గెలిచిన సీజన్‌లో పుణెలో పెట్టారు. మ్యాచ్‌లు ఊళ్లో పెట్టకుండా ఊరివాళ్లు రాలేదంటే ఎలా?

టీమ్‌లో ఊరివాళ్లు లేరన్న దానికి పెద్ద జవాబు అక్కర్లేదు. వేలంలో కొనుక్కునే ఆట అది. సన్‌రైజర్స్‌కు 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నర్‌ది ఆస్ట్రేలియా. అయినా ఆర్‌సీబీ మొదటి కెప్టెన్ ద్రావిడ్. 2009 ఫైనల్లో కెప్టెన్ కుంబ్లే. 2025 ఫైనల్లో ఆడిన మయాంక్ అగర్వాల్ కూడా ఇక్కడివాడే. చాలదా?

చివరిది, తెలుగువాళ్ల సంగతి. మాది హిందూపురం. బెంగళూరు మాకు వంద కిలోమీటర్లు, హైదరాబాద్ దానికి నాలుగింతలు పైనే. చిన్నప్పుడు పెద్దాసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా బెంగళూరే వచ్చేవాళ్లం. ఇరవై ఏళ్లుగా ఇక్కడి నీళ్లే తాగుతున్నాను. 2009 ఫైనల్లో కుంబ్లే 16 పరుగులకే 4 వికెట్లు తీసినా డెక్కన్ ఛార్జర్స్ చేతిలో 6 పరుగులతో ఓడినప్పుడు, 2016లో ఇదే చిన్నస్వామిలో సన్‌రైజర్స్ చేతిలో 8 పరుగులతో ఓడినప్పుడు నాకు రాత్రంతా నిద్రపట్టలేదు. అందుకని తెలుగు మర్చిపోయానా? మా టీమ్ గొప్ప ఆటగాడు ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో. ఏ ఊరి టీమ్ కోసం ఎవరు గొంతు చించుకోవాలో పుట్టిన ఊరు తేల్చదు.

మా బావమరిదికి ఒక్కటి గుర్తుచేస్తాను. 2020 ఫిబ్రవరి 9న బ్యాడ్మింటన్ లీగ్ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది. సాయి ప్రణీత్ బెంగళూరు జెర్సీలో ఆడాడు, రాప్టర్స్ 4-2తో రెండోసారి గెలిచింది. నువ్వు ఆ స్టేడియంలోనే ఉన్నావు. "బావా, మీ టీమే గెలిచింది, అరిచి అరిచి నా గొంతు పోయింది" అని ఫోటో పంపావు. ఆ ఫోటో ఇంకా ఈ గ్రూపులోనే ఉంది, పైకి జరిపి చూడు.