ఎలుగుబంటికి పర్మిషన్ ఉందా?

నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవిలో అక్రమ తవ్వకాలు జోరుగా సాగుతున్నాయని సర్కారువారికి ఇందుమూలంగా ఫిర్యాదు చేస్తున్నాను. ముద్దాయిలు ముగ్గురు. ఎలుగుబంటి చెదపుట్ట కనబడితే చాలు, టెండరు పిలవకుండానే తవ్వేస్తుంది. ఏదుపందిది నైట్ డ్యూటీ. ఒంటినిండా పొలుసులుండే అలుగును పట్టుకుంటే ఉండలా ముడుచుకుంటుంది, వాంగ్మూలం ఇవ్వదు.

వీటిలో ఒక్కదాని దగ్గరా కాగితం లేదు. అదే యురేనియం వెతికేవాళ్లను చూడండి, ఎంత పద్ధతి! ఇదే అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు వేసుకుంటామని అర్జీ పెట్టారు. 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. అంటే చదరపు కిలోమీటరుకు సుమారు 48. మా దేవరకొండ దిక్కు బత్తాయి రైతు నీళ్ల కోసం నాలుగు బోర్లు వేసి అప్పులపాలైతే పిచ్చోడంటాం. 4,000 వేస్తే మాత్రం సర్వే అనాలి.

చెంచులది ఇంకో విడ్డూరం. గడ్డల కోసం కర్రతో మూరెడు తవ్వుతారు. పులికి ఇబ్బంది అవుతుంది, అడవి నడిమి కోర్ ఏరియా వదిలి రండని వాళ్లకు ప్యాకేజీ చూపిస్తున్నారు. పులి చెవి అంత సున్నితం మరి! శ్రీశైలం దారిలో రాత్రి 9 దాటితే బండ్లు ఆపేది అందుకే. నేనూ ఒకసారి ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్లి, తప్పు నాదే, తెల్లారేదాకా కార్లో కూర్చున్నాను. వెనక సీట్లోంచి మా అత్తమ్మ, "పులి పండుకున్నది అల్లుడా, హారన్ కొట్టకు" అన్నది. హారనుకు ఉలిక్కిపడే ఆ పులే డ్రిల్లింగ్ మిషను మోతను జోలపాట అనుకుని గుర్రుపెడుతుందని పెద్దల నమ్మకం కాబోలు.

జనానికి ఇదంతా ఎక్కలేదు. రోడ్లమీదికొచ్చారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా నల్లమలలో యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టులో గని అన్నప్పుడూ ఇదే గోల: కృష్ణ నీళ్లు పాడవుతాయని! ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన నల్లగొండ జిల్లాకు ఇంకో ఖనిజం బరువా?

సరే, బోర్ల సంగతి పెద్దలు చూసుకుంటారు. నా ఫిర్యాదు ఎలుగుబంటి మీద. నోటీసు ఎక్కడ అందించాలంటారా? ఇప్పపూలు రాలే కాలంలో చెట్టు కింద వెతకండి. కాకపోతే కాగితం కాస్త దూరం నుంచే చాపండి, అది సంతకం మనిషి మీదే పెడుతుంది.